సేనానుల్ని పోల్చే ముందు నీళ్ల లెక్క చూడండి

ప్రశ్న ఇది: "ఖాలిద్ బిన్ వలీద్ ఒక్క యుద్ధం కూడా ఓడలేదంటారు. హానిబాల్ ఓడాడు, నెపోలియన్ ఓడాడు, సలాహుద్దీన్ రిచర్డ్ చేతిలో ఓడాడు. అలాంటప్పుడు ఖాలిదే చరిత్రలో అందరికన్నా గొప్ప సేనాని అనొచ్చా? అసలు ఇలాంటివాళ్లను ఏ లెక్కన పోల్చాలి?"

ముందు ఒక చిన్న మాట. ముస్లింలు హజ్రత్ అని, రజియల్లాహు అన్హు అని గౌరవంగా తలుచుకునే వ్యక్తి, ఏడో శతాబ్దపు అరబ్బు సేనాని ఖాలిద్. చరిత్ర రాతలో అలవాటైన ఏకవచనాన్నే ఇక్కడ అందరికీ వాడుతున్నాను, మరోలా అనుకోవద్దు.

ఇక విషయం. "ఓడలేదు" అనే లెక్క పైకి కనిపించినంత గట్టిది కాదు. అలెగ్జాండరూ పెద్ద యుద్ధమేదీ ఓడలేదు, రష్యా సేనాని సువోరోవ్ కూడా ఓడలేదనే చెబుతారు. ముగ్గురికీ వందకు వంద మార్కులొస్తే పోలిక అక్కడే ఆగిపోతుంది. పైగా దేన్ని గెలుపంటాం, దేన్ని ఓటమంటాం అన్నదే తేలని యుద్ధాలున్నాయి. 629లో ముఅతా దగ్గర 3,000 మంది ముస్లిం సేనకు వరసగా ముగ్గురు నాయకులు (జైద్, జాఫర్, అబ్దుల్లా బిన్ రవాహా) చనిపోయాక జెండా ఖాలిద్ చేతికొచ్చింది. ఆయన ఆ రోజు పోరును నిలబెట్టి, దండును చెదిరిపోకుండా వెనక్కి తెచ్చాడు. మదీనా చేరాక కొందరు వాళ్లమీద మట్టి విసిరి "పారిపోయొచ్చినవాళ్లు" అన్నారని, ప్రవక్త (స) మాత్రం "కాదు, మళ్లీ దాడికి వెళ్లేవాళ్లు" అని వెనకేసుకొచ్చారని ఇస్లామీయ కథనమే చెబుతుంది. దాన్ని గెలుపు ఖాతాలో వేస్తారా, ఓటమి ఖాతాలో వేస్తారా? నన్నడిగితే ఖాలిద్ చేసిన అతి కష్టమైన పనుల్లో అదొకటి. నాయకులు పడిపోయిన సేన చెదరకుండా వెనక్కి రావడం ఎంత కష్టమో యుద్ధ చరిత్ర చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

రెండో చిక్కు సంఖ్యలది. 636లో సిరియాలోని యర్మూక్ దగ్గర ఖాలిద్‌కు ఎదురైన బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) సేన లక్ష అని, రెండు లక్షలని పాత గ్రంథాల్లో ఉంటుంది. దీన్ని సరిచూడటానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. రెండు లక్షల మందిని దారిమీద నలుగురేసి చొప్పున నడిపిస్తే 50,000 వరుసలు. వరుసకు రెండు మీటర్లు వేసుకున్నా తోక నుంచి తలదాకా 100 కిలోమీటర్లు. కాలిబంటు సేన రోజుకు నడిచేది 20, 25 కిలోమీటర్లు. అంటే ముందున్నవాళ్లు నాలుగో మజిలీ చేరినా చివరివాళ్లు డేరా కూడా పీకి ఉండరు. దారులు నాలుగైదుగా చీల్చుకున్నా తిండి లెక్క తెగదు. మనిషికి కిలో ధాన్యమంటే రోజుకు 200 టన్నులు. ఒంటె మోసేది 150 నుంచి 200 కిలోలు కాబట్టి ఒక్కరోజు తిండికే వెయ్యికి పైగా ఒంటెలు కావాలి, గుర్రాల దాణా వేరే. అందుకే ఆధునిక చరిత్రకారులు ఆ సంఖ్యను చాలా కిందికి దించుతారు. ఇది ఖాలిద్‌ను తగ్గించడం కాదు. పానిపట్టులో ఇబ్రహీం లోడీకి లక్ష సేన ఉందన్న బాబర్ మాటనూ, గౌగమేలాలో పర్షియన్లు పది లక్షలన్న గ్రీకు మాటనూ ఇదే తక్కెడలో తూచాలి.

ఆధారాలు కూడా అందరికీ ఒకేలా లేవు. హానిబాల్ రోమన్లను ఓడించిన కానే యుద్ధాన్ని రాసిన పోలిబియస్ ఆ తర్వాతి తరంవాడే. అలెగ్జాండర్ గురించి మనం ఎక్కువగా నమ్మే అరియన్ నాలుగు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత రాశాడు, కాకపోతే చూసినవాళ్ల రాతలు ముందు పెట్టుకుని. ఖాలిద్ యుద్ధాలకు ముఖ్య ఆధారాలైన బలాజురీ, తబరీ రెండు మూడు వందల ఏళ్ల తర్వాతివాళ్లు. ఒకే సంఘటనకు నాలుగు రకాల కథనాలుంటే తబరీ నాలుగూ పక్కపక్కనే పెడతాడు, అది ఆయన నిజాయితీ. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టు, సిరియాలను ఏలిన సుల్తాను సలాహుద్దీన్ సంగతి వేరు. ఆయన కార్యదర్శి ఇమాదుద్దీన్, సైన్య ఖాజీ బహావుద్దీన్ దగ్గరుండి చూసి రాశారు. అందుకే సలాహుద్దీన్ తప్పులు మనకు బాగా తెలుసు, ఖాలిద్ తప్పులు అంతగా తెలియవు. ఈ తేడా మరిచి పోలిస్తే, ఎక్కువ దస్తావేజులున్నవాడే ఎక్కువ తప్పులు చేసినట్టు కనిపిస్తాడు.

మరి ఏం చూడాలి? నా దృష్టిలో మొదట చూడాల్సింది నీళ్లు, మేత. కత్తుల కథకన్నా ఇవే ఎక్కువ చెబుతాయి.

హత్తీన్‌నే తీసుకోండి, 4 జూలై 1187. అప్పుడు జెరూసలేంను ఏలుతున్న యూరప్ క్రైస్తవ యోధుల, అంటే క్రూసేడర్ల సేన సఫ్ఫూరియా ఊటల దగ్గర దిగి ఉంది. అక్కడ ఉన్నంతసేపు సలాహుద్దీన్ వాళ్లను ఏమీ చేయలేడు. అందుకని ఆయన జూలై 2న తిబేరియా ఊరిమీద పడ్డాడు. కోటలో చిక్కుకున్నది ట్రిపోలీ ప్రభువు రేమండ్ భార్య ఎస్కీవా. విచిత్రమేమిటంటే, భార్య లోపలున్నా "కదలొద్దు" అన్నది రేమండే. ఆ రాత్రి టెంప్లర్ల (క్రైస్తవ యోధ సన్యాసుల) పెద్ద జెరార్డ్ చెప్పిన మాట విని రాజు గై తెల్లారేసరికి దండును కదిలించాడు. దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు, నడి వేసవి, దారిలో చెప్పుకోదగ్గ నీరు తురాన్ ఊట ఒక్కటే.

లెక్క వేద్దాం. ఎండలో పనిచేసే గుర్రానికి రోజుకు కనీసం 30 లీటర్లు, ఇనుప కవచం మోసే మనిషికి 5 లీటర్లు. గుర్రాలు 4,000, మనుషులు 15,000 అనుకుంటే గుర్రాలకు లక్షా ఇరవై వేలు, మనుషులకు డెబ్బై అయిదు వేలు, మొత్తం రోజుకు దాదాపు రెండు లక్షల లీటర్లు. మన బస్తీలకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 40. చిన్న ఊటకు అంత శక్తి ఉండదు. గై తురాన్ దగ్గర ఆగకుండా ముందుకు పోయాడు. ఆయన దాటగానే సలాహుద్దీన్ రెండు పక్కల దళాలూ చుట్టి వచ్చి ఆ ఊటను వెనకనుంచి మూసేశాయి. ఇక ముందు నీరు లేదు, వెనక్కి దారి లేదు. ఆ రాత్రి క్రూసేడర్లు ఎండిన మిట్టమీద గడిపారు. పొద్దున ముస్లిం సేన ఎండుగడ్డికి నిప్పు పెట్టింది, పొగ వాళ్ల మొహాలకు కొట్టింది. సలాహుద్దీన్ మాత్రం తన వాళ్లకు తిబేరియా సరస్సు నుంచి ఒంటెలమీద తోలు తిత్తుల్లో నీళ్లు తెప్పించాడు. బాణాల సరఫరా కూడా ముందే సిద్ధం: 400 మోపులు పంచాడని, నింపిచ్చేందుకు ఇంకో 70 ఒంటెలు రణరంగంలో తిప్పాడని ఇమాదుద్దీన్ రాశాడు. కత్తి దూసేనాటికే యుద్ధం సగానికి పైగా ముగిసింది.

ఇదే ఎత్తు మన దక్కనులోనూ పారింది. హైదరాబాదు ఆసఫ్ జాహీ వంశానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్క్‌ను పీష్వా మొదటి బాజీరావు 1728 ఫిబ్రవరిలో పాల్ఖేడ్ దగ్గర నీళ్లు లేని చోటికి లాగి బిగించాడు. నిజాం పుణె మీద ఉంటే బాజీరావు ఎదురు రాలేదు. ఖాందేశ్, గుజరాత్ వైపు తిరిగి, నిజాం సొంత గడ్డ ఔరంగాబాదు వైపు మళ్లాడు. దాన్ని కాపాడుకోవాలని నిజాం పరుగున బయల్దేరి, బరువైన ఫిరంగులను వెనక వదిలేశాడు. చివరికి నీళ్లూ ధాన్యమూ ఆగిపోయి మార్చి 6న ముంగీ శేవ్‌గావ్ ఒప్పందానికి దిగాడు. పెద్ద రక్తపాతమేమీ జరగలేదు. హత్తీన్‌లో ముస్లిం సేనాని వేసిన ఉచ్చునే పాల్ఖేడ్‌లో హిందూ సేనాని వేశాడు. మతాన్ని బట్టి సేనానుల్ని జట్లు కట్టి పోల్చేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పానిపట్టులో బాబరూ ముస్లిమే, లోడీ కూడా ముస్లిమే. యర్మూక్‌లో బైజాంటిన్ల పక్షాన పోరాడినవాళ్లలో జబలా నాయకత్వంలోని అరబ్బులున్నారు.

నీరు ఎక్కువైనా ముంచుతుంది. 1780లో హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడినప్పుడు గుంటూరు నుంచి ఇంగ్లీషు కంపెనీ కల్నల్ బెయిలీ దళం, కంపెనీ సేనాని మన్రోను కలవడానికి దక్షిణంగా కదిలింది. ఆగస్టు 25న బెయిలీ కొర్తలయార్ ఏటికి చేరి, అప్పుడే దాటేయకుండా ఉత్తరపు ఒడ్డునే విడిది చేశాడు. రాత్రి వానకు ఏరు పొంగింది. దాటేసరికి సెప్టెంబరు వచ్చేసింది. ఆ వ్యవధిలో హైదర్ టిప్పును ఆయన దారికి అడ్డం పంపాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరులో రాకెట్లూ ఫిరంగుల మధ్య బెయిలీ మందుగుండు బండ్లు పేలాయి, దళం తుడిచిపెట్టుకుపోయింది. మన్రో కంచిలో కూతవేటు దూరంలోనే ఉండీ రాలేదు. చివరికి బరువు ఫిరంగుల్ని కంచి కోనేట్లో తోసేసి మద్రాసుకు వెనక్కి పోయాడు. ఏరు కనిపిస్తే ముందు అవతలి ఒడ్డుకు చేరి, ఆ తర్వాతే విడిది చేయాలన్నది దండయాత్రల్లో మొదటి పాఠం.

ఇక ఎడారి నడకలు. 634లో ఖాలిద్ ఇరాక్ నుంచి సిరియాకు ఎడారి అడ్డంగా దాటడం ఆయన పేరు చెబితే మొదట గుర్తొచ్చే సాహసం. కురాఖిర్ నుంచి సువా దాకా అయిదు రోజులు నీరు లేని దారి, దారి చూపింది రాఫీ బిన్ ఉమైర్ అని సంప్రదాయం. పద్ధతి ఇలా చెబుతారు: ముదురు ఒంటెల్ని ముందు బాగా దాహానికి వదిలి, తర్వాత కడుపునిండా తాగించి, నెమరు వేయకుండా మూతులు కట్టేశారు. మజిలీకి కొన్నింటిని కోసి, వాటి కడుపులోని నీటిని గుర్రాలకు పోశారు. మనుషులు తిత్తుల్లో తెచ్చుకున్నది తాగారు. దారి ఏది, తేదీ ఏది అన్నదానిమీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. దండు వేలల్లో ఉందన్నదానికన్నా వందల్లో ఉందన్న అంచనాయే ఈ పద్ధతికి సరిపోతుంది, ఎందుకంటే గుర్రాలు పెరిగేకొద్దీ కోయాల్సిన ఒంటెలు అంతకంతా పెరుగుతాయి. ఈ నడకలో గమనించాల్సింది తెగువకన్నా ఎంపిక. తక్కువ మంది, దారి తెలిసిన మనిషి, నీటి అవసరం ఎక్కువున్న గుర్రానికే ఆ నీరు.

దీని పక్కన అలెగ్జాండర్ 325లో (క్రీ.పూ.) చేసిన గెద్రోసియా నడక పెట్టండి. ఇప్పటి బలూచిస్తాన్ మక్రాన్ ఎడారి, 60 రోజులు. పెద్ద సేన, వెంట ఆడవాళ్లు, పిల్లలు, సామాన్ల బండ్లు. సముద్రం మీద నియర్కస్ ఓడలు ధాన్యం తెస్తాయన్నది పథకం. రుతుపవనాల గాలికి ఓడలు బయల్దేరడమే ఆలస్యమైంది. ఎండిన వాగులో విడిది చేసిన ఒక రాత్రి ఎక్కడో కురిసిన వానకు వరదొచ్చి, వెంట వచ్చిన ఆడవాళ్లూ పిల్లలూ చాలామంది కొట్టుకుపోయారని అరియన్ రాశాడు. శత్రువు లేని చోట ఆయన సేన అంతగా నష్టపోయింది. యుద్ధాల పట్టికలో మాత్రం ఇది ఓటమిగా ఎక్కదు. "ఓడని సేనాని" లెక్క ఎందుకు మోసం చేస్తుందో చూశారా!

నీళ్ల తర్వాత చూడాల్సింది రిజర్వు దళం: ఎంత దాచాడు, ఎప్పుడు వదిలాడు. ఇక్కడే హానిబాల్, ఖాలిద్ పోలికకు అర్థం ఉంది. క్రీ.పూ. 216 ఆగస్టు 2న కానేలో హానిబాల్ దగ్గర 40,000 కాల్బలం, 10,000 గుర్రాలు. రోమన్లు 80,000 కాల్బలం, 6,000 గుర్రాలు. నడుమ గాల్, స్పెయిన్ బంట్లను ముందుకు ఉబ్బిన నెలవంకలా నిలిపి, రెండు చివరలా ఆఫ్రికా బంట్లను ఉంచాడు. రోమన్లు తోసేకొద్దీ నెలవంక లోపలికి వంగింది. వాళ్లు దూరిన సంచికి రెండు పక్కలా ఆఫ్రికా బంట్లు మిగిలారు. ఎడమ పక్క హస్ద్రుబాల్ గుర్రపు దళం రోమన్ గుర్రాలను చెదరగొట్టి, మొత్తం చుట్టొచ్చి సంచి మూతి కట్టేసింది. రోమన్లలో చచ్చింది పోలిబియస్ లెక్కలో 70,000, లివీ లెక్కలో 48,000 దాకా. హానిబాల్ పోగొట్టుకున్నది పోలిబియస్ లెక్కలో 6,000 లోపే. ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, హానిబాల్ దాచుకున్న దళమంటూ ఏమీ లేదు. హస్ద్రుబాల్ గంట ఆలస్యం చేసినా, లేదా పారిపోయేవాళ్ల వెంట పడి పోయినా, నడుమ గాల్ బంట్లు పగిలి సేన రెండు ముక్కలయ్యేది. గెలిచిన గుర్రపు దళాన్ని వేటనుంచి వెనక్కి తిప్పడం చెప్పినంత తేలిక కాదు. ఆ క్రమశిక్షణ హానిబాల్ ఏళ్ల తరబడి పెంచింది.

ఖాలిద్ 633లో వలాజా దగ్గర ఇలాంటి పనే చేశాడని, మాటు దళాలు రెండు పక్కలనుంచి వెనక్కొచ్చి పడ్డాయని తబరీ చెబుతాడు. పుస్తకాల్లో కనిపించే అందమైన పటాలు మాత్రం చాలావరకు ఆధునికులు ఊహించి గీసినవి, వాటినే సాక్ష్యమనుకోకండి. నాకు యర్మూక్ ఎక్కువ బరువైన ఉదాహరణ. బైజాంటిన్ చక్రవర్తి హెరాక్లియస్ పెద్ద సేన పంపుతున్నాడని తెలియగానే ముస్లిం నాయకులు గెలుచుకున్న హోమ్స్ నగరాన్నీ దమస్కునూ వదిలేసి, చెల్లాచెదురుగా ఉన్న దళాలన్నింటినీ దక్షిణాన ఒక్కచోట చేర్చారు. కాపాడలేని ఊరివాళ్లనుంచి తీసుకున్న జిజియా పన్ను తిరిగి ఇచ్చేశారని బలాజురీ రాశాడు. గెలిచిన నగరాన్ని వదిలేసే ధైర్యం చాలామంది సేనానులకు ఉండదు. నెపోలియన్ 1812లో మాస్కోలో అయిదు వారాలు కూర్చున్నది అది లేకే.

యర్మూక్ చోటును చూస్తే ముస్లింల వెనక ఎడారి, అంటే తప్పించుకునే దారి. బైజాంటిన్ల వెనక రుక్కాద్ లోయ, పక్కన యర్మూక్ లోయ, నిలువు గోడల్లాంటి గట్లు. ఖాలిద్ గుర్రాల్లో ఒక భాగాన్ని వేరుచేసి తన చేతికింద ఉంచుకుని, ఏ పక్క వంగితే ఆ పక్కకు పరిగెత్తించాడు. సంప్రదాయ కథనంలో పోరు ఆరు రోజులు. చివరిరోజు దాకా ఆ దళాన్ని అరగదీయకుండా కాపాడి, అప్పుడు మొత్తంగా ఒకే పక్క వదిలాడు. రుక్కాద్ మీది వంతెన ముందే ముస్లింల చేతికి పోవడంతో వెనకడుగు లోయలోకే దారితీసింది. కానేది ఒక్క పూటలో ముగిసే పథకమైతే, యర్మూక్‌ది రోజుకో దెబ్బ కాచుకుంటూ ఎదురుచూసే పథకం. రెండోదానికే నా ఓటు, ఎందుకంటే అది ఒక అనుచరుడి గంట ఆలస్యం మీద ఆధారపడి లేదు. అయితే బైజాంటియం అప్పటికే పర్షియాతో 602 నుంచి 628 దాకా పోరాడి ఖజానా ఊడ్చుకుపోయిన రాజ్యం. హానిబాల్‌కు ఎదురైన రోమ్ అలసిపోయింది కాదు. ఇంకో సంగతి, యర్మూక్ నాటికి అధికారికంగా సర్వసేనాని అబూ ఉబైదా. ఖలీఫా ఉమర్ ఖాలిద్‌ను తగ్గించాడు, విజయం దేవుడిది గానీ ఖాలిద్‌ది కాదని జనం తెలుసుకోవాలని ఆయన ఉద్దేశమంటారు. తగ్గించాక కూడా ఖాలిద్ అదే దండులో అదే ఊపుతో పోరాడాడు. సీజర్‌కు అలాంటి ఉత్తరువు వస్తే, దాన్ని ధిక్కరించి సేనతో రుబికాన్ నది దాటి రోమ్ మీదికే వచ్చాడు.

చుట్టుముట్టడాన్ని విప్పి చూడాలంటే బాబర్ రాసుకున్నదే నయం. 1526 ఏప్రిల్ 21, పానిపట్టు. తన 12,000 మందికి కుడిపక్క ఊరి ఇళ్లే గోడ. ఎడమపక్క కందకాలు, నరికిన కొమ్మలు. ముందు 700 బండ్లను పచ్చితోలు తాళ్లతో కట్టి, బండికీ బండికీ మధ్య అయిదారు డాలు చట్రాలు, వాటి వెనక తుపాకులు. అక్కడక్కడా వంద, నూటయాభై గుర్రాలు దూసుకెళ్లే సందులు. ఆ తర్వాతే రెండు చివరల తులుగ్మా దళాలు (చుట్టుముట్టడానికి ఉంచినవి) చుట్టుకొచ్చాయి. సందులు వదలకపోతే బండ్ల వరుస తననే కట్టిపడేసే దడి అయ్యేది.

గెలిచాక ఏం చేశాడన్నది చివరి లెక్క. ఇందులో హానిబాల్ తేలిపోతాడు. కానే నుంచి రోమ్ దాదాపు 400 కిలోమీటర్లు, కోట పగలగొట్టే సాధనాలు లేవు, కాబట్టి వెంటనే వెళ్లకపోవడం తప్పని నేననను. కపువా లాంటి నగరాలు తనవైపు వచ్చినా లాటిన్ మిత్రులు కదల్లేదు. వాళ్లను విడదీసే రెండో పథకం ఆయన దగ్గర లేకపోయింది. క్రీ.పూ. 203 దాకా ఇటలీలో తిరిగి, మరుసటి ఏడు జామాలో ఓడాడు. సలాహుద్దీన్ 1177లో మాంగిసార్డ్ దగ్గర పదహారేళ్ల కుష్ఠురోగి రాజు బాల్డ్విన్ చేతిలో చావుదప్పి బయటపడ్డాడు. పదేళ్లు సిరియా, ఈజిప్టు వనరుల్ని ఒక్కటి చేసుకుని హత్తీన్‌కు వచ్చాడు. అక్టోబరు 2న జెరూసలేం తీసుకున్నాడు, మగవాడికి 10 దీనార్లు, ఆడమనిషికి 5 చొప్పున విడుదల సొమ్ము కట్టించుకుని జనాన్ని పోనిచ్చాడు. తప్పు తైర్ దగ్గర జరిగింది. వేసవిలో ఆ రేవును వదిలి తేలికైన కోటలవైపు పోయాడు. నవంబరులో తిరిగొచ్చేసరికి కాన్రాడ్ గోడలు బలపరచుకున్నాడు, ఓడలు పోయాయి, అమీర్లు చలికాలం ఇళ్లకు పోతామన్నారు. ఇఖ్తా భూముల (సైనిక సేవకు బదులిచ్చిన జాగీర్ల) మీద బతికే దళాలు పంటల వేళకు ఊరికి పోవాలి, ముట్టడి ఎంత లాగితే అంత కరిగిపోతాయి. తైర్ మిగిలినందుకే క్రూసేడర్ల అక్కా రేవు ముట్టడి, దాంతోపాటు ఇంగ్లండు రాజు రిచర్డ్ రాక, 1191లో అర్సూఫ్ ఓటమి. అయినా 1192 ఒప్పందంలో జెరూసలేం ఆయన దగ్గరే ఉంది. సలాహుద్దీన్‌ను, మొత్తం యుద్ధం లెక్కన, హానిబాల్ కన్నా పైన పెడతాను.

ఇక ఎవరూ అడగని పేరు ఒకటుంది, తర్వాత ఈజిప్టు సుల్తాను అయిన బైబర్స్. 1260 సెప్టెంబరు 3న ఐన్ జాలూత్‌లో అప్పటి సుల్తాను కుతుజ్ కింద ముందు దళం నడిపాడు. అక్కడ ఎదురైంది మంగోలు పాలకుడు హులాగూ వదిలివెళ్లిన చిన్న మంగోలు సేన మాత్రమే. సిరియాలో మేత చాలదని హులాగూయే తర్వాత ఫ్రాన్సు రాజుకు రాశాడు, మంగోలు యోధుడికి అయిదేసి గుర్రాలుంటే మేత చాలదు మరి. ఆ గెలుపు ఒక్కసారి దక్కిన అదృష్టంగా మిగలకూడదని బైబర్స్ కైరో నుంచి దమస్కుకు నాలుగు రోజుల్లో కబురు చేరే గుర్రపు తపాలా పెట్టాడు, 1268లో అంతియోక్, 1271లో క్రాక్ కోట తీసుకున్నాడు.

కాబట్టి ప్రశ్నకు నా జవాబు: ఒక్క రణరంగంలో, ఒక్క వారంలో, చేతిలో ఉన్న దండుతో ఎవరిని నమ్ముతావంటే ఖాలిద్. పదిహేనేళ్ల యుద్ధం అప్పగించాలంటే బైబర్స్. అలెగ్జాండర్‌ను వీళ్లతో తూచేటప్పుడు మాత్రం ఆయన ఈటెల వ్యూహం, గుర్రపు దళం, వాటిని నడిపే అధికార్లు అన్నీ తండ్రి ఫిలిప్ తయారుచేసి ఇచ్చినవేనన్నది తక్కెడలో వేయడం మరవకండి.